కొవ్వొత్తి రాసిన అరుగు

శాన్ డియేగో, శుక్రవారం

అమ్మా,

తమ్ముడు రొహేలియో ఎముకలు ఈ నెల కూడా అన్నీ సరిగ్గానే ఉన్నాయి, దేవుడి దయ.

వాడూ వాడి స్కేట్‌బోర్డు జట్టూ నడిపే బొమ్మల గ్యాలరీని ఖాళీ చేయించడానికి మంగళవారం ఆ స్థలం యజమాని అరియోలాగారు వచ్చారు. మర్యాదగా సిమెంటు అరుగు మీద కూర్చోబెట్టాను. అంచు కనిపిస్తే చాలు, బోర్డు బాగా జారాలని వీళ్ళు మైనం రుద్దేస్తారు. ఈసారి రుద్దింది నా మరియమ్మ కొవ్వొత్తి. పెద్దాయన సర్రున జారి నేల మీద చతికిలబడ్డారు. నేను కళ్ళు మూసుకుని జపం మొదలుపెట్టాను.

వీళ్ళంతా నేల మీదే కూర్చుంటారు కనుక బొమ్మలూ కిందికే తగిలిస్తారు. ఆయన ముక్కుకు ఎదురుగా, విరిగిన బోర్డు మీద రొహేలియో వేసిన టైర్ల కొట్టు బొమ్మ.

"ఒరే, ఇది మా నాన్న ఇక్కడ నడిపిన కొట్టు! ఆ కుక్క కూడా మాదే!"

"మీదే తాతా. నిలబడితే కనబడదు," అన్నాడు రొహేలియో.

"ఇంకో ఏడాది ఇక్కడే ఉండి ఏడవండి. ముందు నన్ను లేపండి, వెధవల్లారా."

నీ మోకాలు ఎలా ఉంది? ఎండుమిర్చి, చర్చి దగ్గర అమ్మే లావు కొవ్వొత్తులు రెండు పంపు. ఒకటి మరియమ్మకు. రెండోది దాచి, వచ్చే ఏడు ఆయన వచ్చే ముందు నేనే రుద్దుతాను. ఆ తల్లి నిన్ను చల్లగా చూడాలి.

నీ పెద్దమ్మాయి
ఎలొయీసా