రెండు చెంచాల రాగిపిండి

జూన్ 9, ఆదివారం
బెంగళూరు ఆసుపత్రి నుంచి గుంతకల్లులో ఇంటికి చేరాం. మా అమ్మాయి మౌనికకు క్రోన్స్ అట. పదమూడేళ్ల పిల్లకు పేగుల్లో పుండ్లు. ఎనిమిది వారాలు అన్నం లేదు, సంగటి లేదు, పండు కూడా లేదు. డాక్టర్ రాసిచ్చిన డబ్బా పొడి నీళ్లలో కలిపి రోజుకు ఏడు గ్లాసులు, అంతే. అలా చేస్తే పుండ్లు మానొచ్చట. మానకపోతే స్టీరాయిడ్స్. ఆ మాట వినగానే మా ఆయన ఐజాక్ నీరుగారిపోయాడు.

జూన్ 12
పిల్లకు వాసన తగలకూడదని ఇంట్లో పోపు వేయడం మానేశాను. నేనూ ఐజాక్ క్యాంటీన్‌లో దొంగల్లా తినొస్తున్నాం.

జూన్ 17
పక్కింటి ఆంజినమ్మ నిలదీసింది. కన్నబిడ్డ కడుపు మాడ్చే తల్లిని యాడా చూడలేదంది. రాగులు తిన్న ఒళ్లే ఒళ్లంది. నాకు కోపం రాలేదు. నిజమేననిపించింది, అదీ నా ఖర్మ.

జూన్ 18, ఉదయం 6
రెండు చెంచాల రాగిపిండి పల్చగా కాచి, గుడ్డలో వడగట్టి, మొదటి గ్లాసులో కలిపాను. చాక్లెట్ ఫ్లేవర్ కదా, రంగు తెలియలేదు. మౌనిక ఒక గుక్క తాగి నా వైపు చూసింది. తర్వాత మొత్తం తాగేసింది. ఈ కాస్త రాగి ఏం చేస్తుంది?

జూన్ 23
రోజూ కలుపుతున్నాను. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 30
చర్చిలో ఎవరిదో బర్త్‌డే కేక్ పంచారు. మౌనిక చేతులు వెనక్కి కట్టుకుంది. పిల్లను ఎంత బాగా పెంచావని అందరూ నన్ను మెచ్చుకున్నారు. సిగ్గుతో చచ్చాను.

జూలై 8, రైల్లో
బెంగళూరులో చూపించుకుని వస్తున్నాం. రిపోర్టులు బాగాలేవు. వాపు తగ్గలేదు. బయట ఏమైనా తిన్నావా అని డాక్టర్ మౌనికను మెల్లగా అడిగారు. లేదంది. ఐజాక్ గద్దించాడు, స్కూల్లో ఎవరు పెట్టారో చెప్పమన్నాడు. నేను చెప్పాలి. హ్యాండ్‌బ్యాగ్ జిప్ లాగుతూ కూర్చున్నాను, దరిద్రపుదాన్ని. చివరికి పిల్లే తల వంచుకుని అంది:

"చెనిక్కాయలు తిన్నా నాయనా."

పథ్యం నిలవకపోతే ఇక లాభం లేదు, వచ్చే సోమవారం నుంచి స్టీరాయిడ్స్ మొదలుపెడదామన్నారు డాక్టర్.

జూలై 9
అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను. రాగి రుచి మొదటి రోజే తెలిసిందట.

"అది తాగితే నీ మొగంలో కళ వస్తాండె. అందుకే తాగినామ్మా."

నన్ను నాలుగు కొట్టినా బాగుండేది.

జూలై 12
ఐజాక్ ఇంకా దానితో మాట్లాడటం లేదు. నాకు మాత్రం కాఫీ కలిపిచ్చాడు. ఎలా తాగను?

జూలై 13
చెప్పేశాను. ముందు ఐజాక్‌కు, తర్వాత ఫోన్‌లో డాక్టర్‌కు. ఐజాక్ లోపలికి వెళ్లి పిల్ల పక్కన కూర్చుని ఏడ్చాడు. రాగి వల్లేనని కచ్చితంగా చెప్పలేమన్నారు డాక్టర్. స్టీరాయిడ్స్ కొన్నాళ్లు ఆపి చూద్దాం, పథ్యం మళ్లీ మొదటి రోజు నుంచి అన్నారు. దాదాపు ఐదు వారాలు పిల్ల ఊరికే పస్తులుంది.

జూలై 14, ఉదయం 6
మౌనిక నాకన్నా ముందే లేచి తన గ్లాసు తానే కలుపుకుంటోంది. నన్ను చూసి గ్లాసు మీద చేయి అడ్డం పెట్టింది.