గోడకు ఐదడుగుల లోపు

నాన్నా,

ఇన్సూరెన్స్ మనిషి రెండింటికి వస్తాడు. సర్కారు కొత్తగా వేసిన కార్చిచ్చు మ్యాపులో మన వీధంతా ఎర్ర రంగే. గోడకు ఐదడుగుల లోపు మండేది ఏది కనిపించినా పాలసీ ఆపేస్తారట. చూరు గొట్టాల్లో పైన్ ఆకులు నేను తీసేశాను. వరండాలో నువ్వు పేర్చిన కట్టెలు షెడ్డు అవతలికి మోసెయ్. పోయినసారిలా "ముప్పై ఏళ్లు అడవిలో మంటలార్పినవాణ్ణి, నాకు చెప్పొచ్చావా?" అని అతని మీద ఎగరకు.

కిటికీ కింద అమ్మ గులాబీ కూడా పోవాలి. ఊళ్లో ఎంతమంది చేత చెట్లు కొట్టించావు, మన ఇంటికొచ్చేసరికి నీకు నోరు రాదు.

కోలీన్

తా.క. పొద్దున నేనే కొట్టేద్దామని వెళ్లాను. నా వల్ల కాలేదు. కత్తెర మెట్ల మీదే ఉంది. కొట్టేశాక ఫోన్ మాత్రం చెయ్యకు.