జున్నుకి తోడెవరు

భవానీపురం, విజయవాడ
9 ఏప్రిల్ 2025

శాంభవి గారికి,

నాగదుర్గ నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ అత్తయ్యగారూ, మా ఆయనా, నేనూ, మీ జున్నూ బాగున్నాం. 'మా ఆయన' అని కావాలనే రాశాను. మీరూ బాగుండాలని కోరడం మర్యాద కాబట్టి కోరుతున్నాను.

ఫోన్లున్న ఈ కాలంలో ఉత్తరమేమిటని మీకు అనిపించవచ్చు. ఫోన్ చేస్తే మీ గొంతు వినాలి. మీ గొంతు చాలా బాగుంటుందని ఈ ఇంట్లో ఇప్పటికే చాలాసార్లు విన్నాను. మిమ్మల్ని అక్కా అని పిలవమని అత్తయ్యగారి సలహా. మీరు విడాకులు తీసుకుని వెళ్లారు, ఆ తర్వాత ఏడాదికి నేను పెళ్లి చేసుకుని వచ్చాను. ఇందులో అక్కాచెల్లెళ్ల వరస ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. అందుకే 'గారు' అంటున్నాను, ఏమీ అనుకోకండి.

ఢిల్లీలో సొంత ఫ్లాట్ తీసుకున్నారట, ఇక జున్నుని పంపమని ఆయనకు మెసేజ్ పెట్టారట. సంతోషం. రెండేళ్లుగా ఆ కుక్కకు స్నానం చేయించేది నేను, బొచ్చు దువ్వేది నేను, సాయంత్రాలు కృష్ణ ఒడ్డుకు తిప్పేది నేను. అయినా లిఫ్ట్ చప్పుడైతే చాలు, మీరొచ్చారేమోనని తలుపు దగ్గరకు ఉరుకుతుంది. ఆయన ఇంట్లో ఉన్నా సరే, నేను ఇంట్లో ఉన్నా సరే. పోతే పోయిందిలే అనుకున్నాను.

విమానాల సంగతి నేను కనుక్కుంటానని ఆ పని నా మీద వేసుకున్నాను. ఒక కంపెనీ వాళ్లు పెంపుడు జంతువుల్ని అసలు ఎక్కించుకోరు. చూపులేని వాళ్లకు దారి చూపే కుక్కలైతేనే రానిస్తారట. జున్నుకి పాలప్యాకెట్ తప్ప మరేమీ కనిపించదు కాబట్టి దాన్ని వదిలేశాను. రెండో కంపెనీలో బ్యాగుతో కలిపి పది కిలోల లోపైతే మనిషితో పాటు లోపలే, కాళ్ల దగ్గర పెట్టుకోనిస్తారు. బ్యాగుకు గాలి ఆడాలి, దారిలో జిప్పు తీయకూడదు. ఇంకో కంపెనీదీ అదే పద్ధతి, బరువు మాత్రం ఏడు కిలోలే. ఎందులోనైనా రేబిస్ టీకా కార్డూ, డాక్టరు సర్టిఫికెట్టూ తప్పవు. ఇవన్నీ కాక కార్గో ఉంది. దానికి మనిషి వెంట వెళ్లనక్కర్లేదు. గన్నవరంలో మేము అప్పజెబితే ఢిల్లీలో మీరు సంతకం పెట్టి తీసుకోవచ్చు.

నాకు కార్గోనే నచ్చింది. ఎందుకో దాచను. లోపల కూర్చోబెట్టాలంటే తోడు మనిషి కావాలి, ఆ మనిషి మా ఆయన. దానిదేముంది, నేనే వెళ్లి దింపొస్తాలే అని ఆయన అన్న తీరు మీరు వినలేదు, నేను విన్నాను. మర్నాడే గవర్నర్‌పేట వెళ్లి రెండు చొక్కాలు కొనుక్కొచ్చారు. కుక్కను దింపడానికి కొత్త చొక్కాలెందుకండీ? మా పెళ్లిరోజుకు ఉయ్యూరులో మా పుట్టింటికి రమ్మంటే ఒక్కరోజు సెలవు దొరకలేదు, దీనికి నాలుగు రోజులు దొరికింది. ఒళ్లు మండదా చెప్పండి. మీరు పిలిచారని నేననడం లేదు. పిలవకపోయినా బయల్దేరుతున్నారనే నా ఏడుపంతా.

కాబట్టి ఆయనకు చెప్పిందే మీకూ రాస్తున్నాను. జున్ను ఈ మధ్య బాగా లావైంది, పన్నెండు కిలోలు తూగుతోంది. అంతా అత్తయ్యగారు పెట్టే పెరుగన్నం చలవ. లోపల కూర్చోనివ్వరు. ఇరవయ్యో తేదీన కార్గోలో పంపుతాం, మీరు ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకోండి.

ఇక సెలవు.

నాగదుర్గ

తా.క.: పైదంతా పొద్దున రాశాను. సాయంత్రం కార్గో పెట్టె వచ్చింది. అలవాటు చేద్దామని జున్నుని అందులో పెట్టి తలుపు వేశాను. అది అరవలేదు. మూలకు జరిగి, వణుకుతూ నన్నే చూసింది. బయట ఎండలు చూస్తే ఇలా ఉన్నాయి. నావల్ల కాలేదు, తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

పన్నెండు కిలోలన్నది అబద్ధం. ఆరు కిలోలు కూడా లేదు, హాయిగా లోపలే రావచ్చు. ఇరవయ్యో తేదీకే టికెట్ తీసుకున్నాను, నా పేరు మీద. ఆయన రావడం లేదు, ఆ చొక్కాలు ఆఫీసుకు వేసుకుంటారు. నేను విమానం ఎక్కడం ఇదే మొదలు.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. ఎయిర్‌పోర్టు బయట నేను బ్యాగు జిప్పు తీయగానే దాన్ని పేరు పెట్టి పిలవకండి. మీరు పిలిస్తే మీ దగ్గరకే వస్తుంది, నాకు తెలుసు. ఒక్క నిమిషం ఆగండి. అది నా వైపు చూస్తుందేమో చూసుకుని వెళ్లిపోతాను.