పీఠిక అన్నం ముట్టడం లేదు

కోదాడ,
మంగళవారం.

చిరంజీవి నాగమణికి, మంచం మీద నుంచే బక్కయ్య ఆశీస్సులు.

మోకాలి ఆపరేషన్ బాగానే అయింది. మా అక్క కూతురు రూప నన్ను నెల దాకా కదలనిచ్చేలా లేదు. నేను కాగితం మీద రాస్తాను, రూప ఫొటో తీసి నీ ఫోన్‌కు పంపుతుంది. ఫోన్ చేయొచ్చు కదా అనకు. నోటితో అన్న మాటను మర్నాడు అనలేదంటారు. లెక్చరర్ల మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి, నాకు తెలుసు.

రూప మా ముందుగదిలో, పుస్తకాల అల్మారా మీద ఆ కెమెరా పెట్టించినప్పుడు నానా మాటలూ అన్నాను. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. యోగులు కూర్చున్న చోటు నుంచే పరాయి ఊళ్ళు చూసేవారని పుస్తకాల్లో చదివి నవ్వుకున్నవాణ్ణి. ఇప్పుడు కోదాడలో పడుకుని బొటనవేలితో దాని మెడ తిప్పుతూ సూర్యాపేటలో నా గది మూలమూలా చూస్తున్నాను. వినబడుతుంది కూడా. నేను మాట్లాడితే అక్కడ పలుకుతుంది. కనిపెట్టినవాడెవడో గాని గొప్పవాడు.

కానీ అందులో నాకు కనిపిస్తున్నది ఏమిటి? పీఠిక అన్నం ముట్టడం లేదు. వీధి కుక్కే కావచ్చు, ఎక్కడికి బయల్దేరినా నాకంటే ముందు నడుస్తుందని ఆ పేరు పెట్టుకున్నాను. నిన్న కెమెరాలోంచి గొంతు తగ్గించి ‘నా బంగారు తల్లీ, జర తినమ్మా’ అన్నాను. కెమెరా వైపు చూసి గుర్రుమని మంచం కిందికి దూరింది. నువ్వు ఏం వండుతున్నావు? నిజం రాయి.

ఇట్లు,
బక్కయ్య

తా.క.: గిన్నె పెట్టడానికి వచ్చి అల్మారాలోంచి ఒక పుస్తకం తీసి నిలబడి చదివావు. చదివే అలవాటు మంచిదే. పుస్తకం మంచిది కాదు. అది వీరేందర్ రాసింది.


సూర్యాపేట,
బుధవారం.

గౌరవనీయులైన సారుకు, మీ పై పోర్షన్ల కిరాయికి ఉండే నాగమణి నమస్కారాలు.

మా ఇంట్ల ఏది వండితే దానికీ అదే సార్. కోడిగుడ్డు కూడా కలిపిన. వాసన చూసి మొఖం తిప్పుకుంటది. నేను పొద్దున చివ్వెంల బడికి పోయి పొద్దుమీకి వచ్చేసరికి గిన్నె ఎట్ల పెట్టింది అట్లనే ఉంటది. పశువుల డాక్టరును పిలిపిస్తే, రోగం లేదు, బెంగ పెట్టుకుంది, ఇట్లనే ఉంటే సోమవారం సెలైన్ ఎక్కియ్యాలె అన్నడు.

అందుకే ఒక ఉపాయం చేసిన. మీకు సన్మానం చేసినప్పటి పెద్ద ఫొటో గోడ మీది నుంచి దించి, గిన్నె పక్కన కుర్సీ మీద పెట్టిన. మిమ్మల్ని చూసుకుంట తింటదని. ఉత్త ఫొటో బోసిగ కనబడితే, మా పూజకు తెచ్చిన బంతిపూల దండ మిగిలింది, అది వేసిన. దోమలున్నయని రెండు అగర్‌బత్తీలు ముట్టిచ్చిన. పీఠిక ఎదురుంగ కూసోని చూస్తుంది. తింటలేదు గాని చూస్తుంది.

మీ విధేయురాలు,
నాగమణి

తా.క.: ఆ ఫొటోల మీరు నవ్వుతున్నరు. అది మీరంటే మా అత్తమ్మ నమ్ముతలేదు.


కోదాడ,
గురువారం.

నాగమణీ, ఎంత పని చేశావమ్మా!

పొద్దున పాల మట్టయ్య కిటికీలోంచి తొంగిచూశాడు. దండ చూశాడు, అగర్‌బత్తీలు చూశాడు, చేతులు జోడించాడు, పాలు పోయకుండానే వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి మన ఊరి సాహితీ మండలి కార్యదర్శి ఉపేందర్ దిగాడు. మీ అత్తమ్మ తలుపు తీసి, పాపం, మంచినీళ్ళిచ్చింది. వాడు నా ఫొటో ముందు నిలబడి ఏడ్చాడు!

‘ఒరేయ్, బతికే ఉన్నాను’ అని ఇక్కణ్ణుంచి అరవబోయాను. వేలు మీట మీద పెట్టాను కూడా. అంతలో వాడు ‘సూర్యాపేటల నడిచే గ్రంథాలయం కూలిపోయింది’ అన్నాడు. వేలు తీసేశాను. సభల్లో నేను మాట్లాడటం మొదలుపెట్టగానే ‘ఇక ముగించండి’ అని చీటీ పంపే ఉపేందరేనా వీడు? ఎంత చక్కని వాక్యం! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నాడో.

తర్వాత రిటైర్డ్ హెడ్మాస్టర్ దానియేలు వచ్చాడు. ‘ఇంత చదివిన మనిషి మన జిల్లాల లేడు’ అన్నాడు. ఎవరూ లేనప్పుడు అన్నాడు చూడు, అది అసలైన మాట. ఆ తర్వాత అటూ ఇటూ చూసి, ఎన్నడో నా దగ్గర తీసుకుపోయిన నిఘంటువు సంచిలోంచి తీసి అల్మారాలో పెట్టాడు. పెళ్ళిళ్ళలో అడిగాను, చావుల్లో అడిగాను, ఇవ్వలేదు. నేను పోతే గాని ఇంటికి రాలేదది.

అందుకని నా మాట విను. ఇప్పుడే ఎవరికీ ఏమీ చెప్పకు. ఉపేందర్ ఎందుకో నా నంబరుకే ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పోయినవాడు ఎత్తితే బాగుండదు.

ఇట్లు,
కోదాడలో క్షేమంగా ఉన్న బక్కయ్య

తా.క.: నిఘంటువు తలకిందులుగా పెట్టాడు. సరిచేయి. దండ వాడిపోయింది, మార్చు.


సూర్యాపేట,
శుక్రవారం.

సారుకు నమస్కారాలు.

నాతోని అబద్ధాలు కావు సార్. ‘ఏమైందమ్మా సారుకు’ అంటే ‘మోకాలు’ అన్న. అది నిజమే గదా. ‘మోకాలికే పోయిండా!’ అని నోళ్ళు తెరిచిండ్రు. ‘ఇప్పుడు ఎక్కడున్నరు’ అంటే ‘కోదాడల’ అన్న. ‘కార్యం అక్కడ్నే కానిచ్చిండ్రా’ అని బాధపడ్డరు. నేను నిజం చెప్పినకొద్దీ మీరు ఇంకింత చనిపోతున్నరు.

ఆదివారం పొద్దుమీకి మీ ముందుగదిలనే సంతాప సభ పెడుతున్నరు. మిర్యాలగూడ నుంచి వీరేందర్ సారు కూడా వస్తుండట.

ఇగ పీఠిక సంగతి. వచ్చేటోళ్ళు, పోయేటోళ్ళు, ఏడ్చేటోళ్ళు. అది మంచం కింద నుంచి బయటికే వస్తలేదు. పక్కటెముకలు కనబడుతున్నయి. మీరు కెమెరాల పొగిడేటోళ్ళనే చూస్తున్నరా, దాన్ని కూడా చూస్తున్నరా? మీకు మెచ్చుకోలు కావాల్నా, కుక్క కావాల్నా? రేపు పొద్దుగాల అందరికీ చెప్పేస్త.

నాగమణి

తా.క.: దండ మార్చిన. ఇదే ఆఖరు.


కోదాడ,
శనివారం.

చిరంజీవి నాగమణికి, బతిమాలుతూ రాస్తున్నాను.

ఆదివారం సాయంత్రం దాకా ఆగమ్మా. వీరేందర్ నేనూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం. నేను ఏం రాసినా వాడు ‘బస్ టైం టేబుల్ ఇంతకంటే రసవత్తరంగా ఉంటది’ అన్నాడు. నా గురించి వాడి నోట ఒక్క మంచిమాట వినాలని ఉంది. వినగానే నేనే కెమెరాలోంచి పలికి సంగతి తేల్చేస్తాను. ఆ వెంటనే పీఠికను డాక్టరు దగ్గరికి తీసుకుపో.

దాన్ని చూడటం లేదని మాత్రం అనకు. ఫోన్ గుండెల మీద పెట్టుకుని దాన్నే చూస్తున్నాను. మంచం కింద దాని తోక కొస కనిపిస్తుంది. అది కదిలితే ఒక ముద్ద తింటున్నాను, లేకపోతే లేదు. రూపను అడుగు.

బక్కయ్య

తా.క.: వీరేందర్ కుర్చీ తలుపు వెనక వేయకు. ముఖం కనబడాలి.


సూర్యాపేట,
సోమవారం.

గౌరవనీయులైన సారుకు, నాగమణి సంతోషంగ రాయునది.

మీరు అక్కడి నుంచి చూసిండ్రు గాని, కింద జరిగింది సగమే చూసిండ్రు. ఉపేందర్ సారు మిమ్మల్ని మహావృక్షం అన్నడు. దానియేలు సారు ప్రార్థన చేసిండు. ఆఖరికి వీరేందర్ సారు లేచిండు. ‘అందరు మంచిగనే చెప్పిండ్రు. నేను నిజం చెప్త. బక్కయ్య ఏ పుస్తకం కూడా సగం దాటి చదవలే. మిగిలిన సగం ఊహించి విమర్శ రాసేటోడు’ అన్నడు.

అప్పుడు గద సార్ కెమెరా ఉరిమింది! ‘ఒరేయ్ వీరేందర్! సగం దాకా చదవగలిగేలా నువ్వు ఒక్క పుస్తకం రాశావురా?’

దానియేలు సారు ప్రార్థన మల్ల మొదటి నుంచి అందుకున్నడు. ఉపేందర్ సారు ఏ దిక్కు నుంచి పోయిండో తెల్వదు, చెప్పులు ఇక్కడ్నే ఉన్నయి. మట్టయ్య ఫొటోకు సాష్టాంగపడ్డడు. వీరేందర్ సారు ఒక్కడే కాలు మీద కాలేసుకోని కూసున్నడు. మీరు తిడుతనే ఉన్నరు.

మీరు చూడంది ఇది. మీ గొంతు లేస్తనే పీఠిక మంచం కింద నుంచి ఉరికొచ్చింది. తోక ఊపుకుంట గిన్నె దగ్గరికి పోయి, మీరు తిట్టినంతసేపు తిన్నది. గిన్నె నాకి నా దిక్కు చూసింది. మల్ల పెట్టిన. అదీ తిన్నది.

ఇప్పుడు సమజైంది సార్. రోజు దానికి గిన్నె పెట్టి, పక్కన కూసోని, వీరేందర్ సారును గట్టిగ తిట్టుడు మీ అలవాటు. పైకి మాకు వినబడుతది. మీ గొంతంటే దానికి అదే. ‘బంగారు తల్లీ’ అని ఎవరో పరాయి మనిషి పిలిస్తే ఎందుకు తింటది?

మీ విధేయురాలు,
నాగమణి

తా.క.: పొద్దున మీరు తిట్టలే. అది తినలే. బడికి ఆలస్యమైతదని వీరేందర్ సారును నేనే రెండు మాటలన్న. మీ అంత మంచిగ రాలే గాని తిన్నది.


మిర్యాలగూడ,
బుధవారం.

బక్కయ్యా,

నీ పేరు ముందర ‘శ్రీ’ కావాలని పెట్టలే. నీ ఉత్తరాలన్నీ చూపియ్యమని నాగమణిని అడిగిన. ఆమె చూపించింది. నా నోట ఒక్క మంచిమాట వినాలని మంచం మీద ఎదురు చూసినవంట.

నేను మోసపోయిన అనుకుంటున్నవేమో. మోసపోయే వచ్చిన. బస్సుల కిటికీ పక్కన కూసోని నీ గురించి మంచి మాటలు ఒకటెనక ఒకటి అల్లుకుంట వచ్చిన. పక్కనున్నాయన నీళ్ళ బాటిల్ ఇచ్చిండు, కండ్లు తుడుసుకోమని. ఆ గదిల కూసున్నంక కూడా లేచి అవే చెప్దామనుకున్న.

అంతల ఉపేందర్ నిన్ను పొగడవట్టిండు. అల్మారా మీది కెమెరా మెల్లగ వాని దిక్కు మెడ తిప్పింది. దానియేలు అందుకుంటే దానియేలు దిక్కు తిరిగింది. ఎవరో వానల గురించి మాట్లాడితే మంచం కింది కుక్క దిక్కు పోయింది. మల్ల నీ పేరు వినబడంగనే గిర్రున వచ్చింది. చచ్చినోడు అట్ల మెడ తిప్పడని తెలిసిపోయింది. అందుకే తెచ్చిన మాటలు మింగి, నువ్వు పడలేని మాట ఏదో వెతికి అన్న. వెతకాల్సిన పనేం పడలే.

కుక్క తింటదని మాత్రం నాకు తెల్వదు. అది నా గొప్పతనం కాదు, దాని తెలివి. నువ్వు ఇల్లు చేరేదాంక రోజు పొద్దుమీకి నీకు ఫోన్ చేసి ఏదో ఒకటి అనమని నాగమణి అడిగింది, నువ్వు కెమెరాలకెళ్ళి తిట్టనీకి. సరే అన్న. కుక్క కోసం. మోకాలు జాగ్రత్త.

ఇట్లు,
వీరేందర్

తా.క.: బస్సుల అల్లుకున్న ఆ మాటలు ఒక్కటి కూడా మర్చిపోలే. చెప్పే రోజు వస్తే చెప్త. నువ్వు మాత్రం తొందరపడకు.