చివరి పదహారు పేజీలు

సుబేదారి, హనుమకొండ
12-6-1979

తమ్ముడు రాజానికి, అక్క దీవెనలు.

చిలుకమ్మ అత్తా నేనూ బాగానే ఉన్నాం. నిన్ను ఒకటి అడగాలి.

నీ కొత్త డిటెక్టివ్ నవల చదివాను. ఇప్పటికి పదకొండు రాశావు. పది పుస్తకాలు అచ్చయిన వారంలోనే పోస్టులో వచ్చాయి. ఇదొక్కటి రాలేదు. గౌస్ పాషా అద్దె పుస్తకాల షాపులో అట్ట మీద నీ మారుపేరు చూసి తెచ్చుకున్నాను. నాకెందుకు పంపలేదా అని అప్పుడే మనసులో పడింది.

మొదటి పేజీలో ఎవరో పెన్సిలుతో రాశారు, "పెద్దక్కే చంపింది" అని.

"ఆఖరి పదహారు పేజీలు లేవమ్మా, ఎవడో చింపుకపోయిండు," అన్నాడు పాషా.

"మరి చంపింది ఎవరో ఎట్ల తెలుస్తది?"

"తెలిసేదేమున్నది? తీస్కపోయినోళ్లందరు పెద్దక్కనే అంటాండ్రు. గంత భక్తి ఉన్నోళ్లను నమ్మొద్దంటాండ్రు." అప్పుడు నా చేతిలోని గుడి ప్రసాదం చూశాడు. "నిన్ను అన్నట్టు కాదమ్మా, ఫికర్ చెయ్యకు."

ఆ పుస్తకంలో ఉన్నది మన ఇల్లే. మంచం పట్టిన తండ్రి. ఆయనతో గొడవపడి పట్నం వెళ్లిపోయిన కొడుకు. భర్త పోయి పుట్టింటికి వచ్చి, పూజలు చేసుకునే పెద్దక్క. ఒక సాయంత్రం ఆమె ఒక్కతే తండ్రికి అన్నం తీసుకుపోతుంది. తెల్లారేసరికి ఆయన ఉండడు. నీ ఇన్‌స్పెక్టరు ఇంట్లో వాళ్లందరినీ నిలబెట్టి, "ఆ పళ్ళెం ఎవరు కడిగారు?" అని అడుగుతాడు. పుస్తకం అక్కడితో చిరిగిపోయింది.

రాజం, ఆ పళ్ళెం సంగతి నీకు ఎవరు చెప్పారు?

నీ అక్క,
సోమక్క


సుబేదారి
21-6-1979

రాజం,

తొమ్మిది రోజులు చూశాను. నువ్వు జవాబు రాయలేదు. ఏం రాయాలో తోచక ఆగిపోయావని అనుకుంటున్నాను.

నాయిన పోయే ముందు రోజు ఇంట్లో మేము ముగ్గురమే. నాయిన పోయాడు. నేను ఎవరికీ చెప్పలేదు. ఇక మిగిలింది అత్త. ఆమె నీకు రాసి ఉంటుందని అనుమానం వచ్చింది. ఆమెకు రాయడం రాదు. ఎవరి చేతనన్నా రాయించి ఉంటుందని ఇంకో అనుమానం. నిన్న ఆమె బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చున్నాను.

"అత్తా, నాయిన పోయే ముందు రోజు పొద్దుగూకంగ నువ్వేడున్నవు?"

"ఏందే సోమా, పోలీసోని లెక్క అడుగుతున్నవు? మా అన్న కాళ్లకాడ్నే ఉన్న. జరసేపు సమ్మమ్మ ఇంటికి పోయొచ్చిన."

"వచ్చినంక ఏం చూసినవు?"

"ఏం చూస్త? నువ్వు దేవుని ముందర కూసున్నవు. నీకు అదే పనాయె." నవ్వి మళ్లీ బియ్యంలో పడింది.

ఆ నవ్వు మీద కూడా రాత్రంతా అనుమానపడ్డాను. నేను ఎలాంటిదాన్ని అయిపోయానో చూడు. ఇక వాళ్లనూ వీళ్లనూ అడగను. నువ్వు అనుకుంటున్నది ఏదైనా, జరిగింది నేనే చెబుతాను.

నాయిన ఒళ్లంతా నీరు పట్టింది, నీకు తెలుసు. దవాఖానలో డాక్టరు ఉప్పు మాన్పించాడు. గుర్తుంచుకోమని నాతోనే చెప్పాడు. నాలుగు నెలలు చప్పిడి జొన్న గట్క పోశాను. తర్వాత రోజూ ఒకటే అడిగేవాడు: "బిడ్డా, ఇంత మామిడికాయ తొక్కు ఏసి బువ్వ పెట్టు. సచ్చేదాక చప్పిడేనా?" మూడు రోజులు కాదన్నాను. నాలుగో రోజు అత్త సమ్మమ్మ ఇంటికి వెళ్లింది. ఆయన ఈసారి అడగలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూడలేకపోయాను. వేడన్నంలో తొక్కు కలిపి పెట్టాను.

తెల్లవారుజామున ఆయాసం వచ్చింది. సూర్యుడు పొడవకముందే పోయాడు.

పళ్ళెం నేనే కడిగాను. ఒకసారి కాదు, మూడుసార్లు బూడిదతో తోమాను. తొక్కు జాడీని పెరట్లో గుంట తీసి పూడ్చాను. నువ్వు పట్నం నుంచి వచ్చేసరికి స్నానం చేసి దేవుడి ముందు కూర్చున్నాను. నువ్వు నా ఒడిలో తల పెట్టి ఏడ్చావు. నేను నీ తల నిమిరాను. చెప్పలేదు.

పంతొమ్మిదేళ్లుగా నేను చేసే పూజలో సగం ఆ పళ్ళేనికే.

ఇప్పుడు నీకు అంతా తెలిసింది. ఇకమీద నన్ను అక్కా అని పిలవడం, మానడం నీ ఇష్టం. నేను ఏమీ అనను.

సోమక్క


సుబేదారి
4-7-1979

నా తమ్ముడికి,

నీ కవరు అందింది. ఆఫీసు క్యాంపు మీద పోయి ఉన్నావా. నా ఉత్తరాలు రెండూ నీ టేబుల్ మీద అలా పడి ఉన్నాయా. నేను ఇక్కడ ఎన్ని అనుకున్నానో.

నువ్వు పంపిన పదహారు పేజీలు పూజ కాకముందే చదివాను. చంపింది రోజూ మందు ఇచ్చిపోయే కంపౌండరు. పళ్ళెం కడిగింది కూడా వాడే. పెద్దక్క మీద ఎవరూ వేలెత్తి చూపలేదు. నాయిన చావును అమ్ముకున్నానని సిగ్గేసి పుస్తకం పంపలేదన్నావు. అంటే నువ్వు నన్ను ఏనాడూ అనుమానించలేదు. నాకు నేనే పట్టుబడ్డాను.

ఆ పేజీలు తీసుకుపోయి గౌస్ పాషాకిస్తే, "కంపౌండరా? ఇగ ఎవరు తీస్కపోతరమ్మా దీన్ని? ఆఖరు లేకుంటనే మంచి గిరాకీ ఉండె," అని మొహం వేలాడేశాడు. అయినా కుట్టిపెడతానన్నాడు.

నీ ఉత్తరం మాత్రం చాలాసేపు విప్పలేదు. కోపంగా రాసి ఉంటావనుకున్నాను. నేను ఒప్పుకున్నదానికి నువ్వు రాసిన జవాబు నాలుగే మాటలు: "నాయిన కడుపు నిండా తిన్నాడా?"

తిన్నాడు రాజం. ఏడు ముద్దలు. కారానికి కళ్లలో నీళ్లు వచ్చినా వద్దనలేదు. వేళ్లు నాకాడు.

ఇంకొకటి ఉంది. పోయిన ఉత్తరంలో అంతా చెప్పానన్నాను. అది అబద్ధం. నీ పుస్తకం చివర ఆ కొడుకు చితి దగ్గర నిలబడి, "నాతో మాట్లాడకుండానే పోయాడు," అంటాడు. అది చదివాక ఇక దాచలేను. నేను నాయినను చంపానో లేదో దేవుడికే తెలుసు. నీ దగ్గర దొంగతనం చేసింది మాత్రం నిజం. నాయిన నీకిమ్మన్నది నేను దాచుకున్నాను. అది నీకు ఇవ్వాలంటే అన్నం సంగతి చెప్పాలి. అందుకు భయపడి, ఆయన కోపంతోనే పోయాడని నువ్వు కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను.

ఆఖరి ముద్ద మింగి నాయిన అన్న మాట ఇది. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"చిన్నోడు అలిగి పోయిండు. నేనలగలేదు బిడ్డా. వాడొస్తే గా మాట చెప్పి, గీ తొక్కుతోనే బువ్వ పెట్టు."

నీ పెద్దక్క,
సోమక్క