పావుగంట ముందున్న ఫోను

జులై 8, మంగళ

హథ్‌ఖోజ్‌లోని ఫ్యాక్టరీ యూనిట్‌లో పొద్దున్నే రగడ. నేను రాసిన యాప్‌లో అప్పారావు మావయ్య రోజూ నింపాల్సిన క్రేన్ చెకింగ్, యాప్ మొదలుపెట్టిన ఈ మూడు రోజులూ సర్వర్‌కి చేరలేదు. మిగతా ఐదుగురు ఆపరేటర్లవీ ఉన్నాయి. "సేసినానమ్మా, పచ్చటిక్కు కూడా పడింది" అన్నాడు మావయ్య. గేటు దగ్గర, అందరి ముందు అనేశాను — ఫోను వాడటం రాకపోతే అడగాలి మావయ్యా అని. నాన్నతో పాటు స్టీల్ ప్లాంట్‌లో ముప్ఫై ఏళ్లు చేసి, రిటైరయ్యాక ఇక్కడ చేరిన మనిషి.

జులై 9

మావయ్యను పని నుంచి ఆపేశారు. చెక్ చేయకుండా క్రేన్ నడిపాడట. ఓనర్: "మీ రికార్డే చెప్తోంది కదా మేడమ్."

జులై 10

రాత్రంతా సర్వర్ లాగ్స్ తిరగేశాను... కళ్లు మండుతున్నాయి. మావయ్య రిక్వెస్టులు వచ్చాయి! సర్వరే తిప్పికొట్టింది. ప్రతి రిక్వెస్ట్ మీదా యాప్ రహస్య కీతో సంతకం పెడుతుంది, ఫోన్లో టైము కలిపి. సర్వర్ టైముకీ దానికీ ఐదు నిమిషాలు మించి తేడా ఉంటే ఆ సంతకం చెల్లదు. కీ సరిగ్గానే ఉంది. టైమే ముందుంది. ప్రతిసారీ పదిహేను నిమిషాలు.

జులై 11

మావయ్యకి ఫోన్ చేశాను. "అవునమ్మా, నానే ముందుకెట్టినాను. సైరన్ కంటే ముందు గేటు కాడుండాల గదా. ఏటి, తప్పా?"

మా ఇంట్లో గోడ గడియారమూ అంతే. సైరన్‌తో నడిచే ఈ ఊళ్లో పుట్టి ఎలా మర్చిపోయాను... ఆ పచ్చటిక్కు కూడా నా నిర్వాకమే. సర్వర్ జవాబు రాకముందే చూపిస్తోంది. సిగ్గేస్తోంది.

జులై 12

ఇకపై సంతకానికి సర్వర్ టైమే. పది లైన్ల మార్పు. ఆ పది లైన్లు ముందే రాయనందుకు ఒక మనిషి పరువు పోయింది.

ఓనర్‌కి చెప్పాను. "ఠీక్ హై, సోమవారం రమ్మనండి. వర్కర్లకి మాత్రం చెప్పొద్దు మేడమ్. మళ్లీ ఎవడూ యాప్ ముట్టుకోడు. మీ కాంట్రాక్టు కూడా చూసుకోవాలిగా." తల ఊపాను. ఎందుకు ఊపానో.

జులై 13, ఆది

కోహ్కాలో మావయ్య ఇంటికి వెళ్లాను. తప్పు నాదే మావయ్యా, అన్నాను. టీ గ్లాసు కింద పెట్టాడు.

"గేటు కాడ, అందరి ముందు అన్నావు గదమ్మా. ఇంట్లో సెప్తే ఎలాగ?"

కోపం లేదు గొంతులో. అదే భరించలేకపోయాను. రేపు పనిలోకి వస్తావా అంటే లేచి లోపలికి వెళ్లిపోయాడు.

రేపు ఫస్ట్ షిఫ్ట్. గేటు దగ్గర అందరూ ఉంటారు, ఓనర్ కూడా. అక్కడే చెప్పాలి. నోరు పెగులుతుందో లేదో... రెండుసార్లు అద్దం ముందు చెప్పి చూశాను. రెండుసార్లూ "తప్పు జరిగింది" అనే వస్తోంది. "తప్పు చేశాను" అని రావడం లేదు.