సులేమాన్ తప్పించుకున్న క్లాసు

1983 ఆగస్టు, శుక్రవారం

సూడాన్ నుంచొచ్చిన నా రూమ్మేటు సులేమాన్ ఇంగ్లీషు పరీక్ష పాసైపోయాడు. విదేశీ స్టూడెంట్లు ఇష్టముంటే ఆ పరీక్ష రాయొచ్చు. పాసైతే సాయంత్రం ఇంగ్లీషు క్లాసుకి రానక్కర్లేదు. ఆడు బీచిలో ఫుట్‌బాల్ ఆడతంటే, తెలుగు మీడియమోణ్ణని నాను క్లాసులో కూకున్నాను. కుళ్లు రాదేటి మరి? ఆ పరీక్ష మాకెందుకు పెట్టరు? రేపు ప్రిన్సిపాల్నే అడిగేద్దామనుకున్నాను.

మెస్సులో అదే మాట ఆడితో గట్టిగా అనీసాను. గదికొచ్చాక ఆడు తన పాత ప్రశ్నపత్రం తీసి నా బల్ల మీద ఎట్టాడు.

"రాయి బావా, నాను దిద్దుతాను" అన్నాడు, అచ్చం మా యాసలో.

మొదటి ప్రశ్న చూసి తలనొప్పన్నాను. ఆడు నమ్మీసి పడుకున్నాడు. ఆ పత్రాన్ని బోర్లించి, దాని మీదే ఈ డైరీ ఎట్టుకుని రాత్తన్నాను.